బొండం మర్యాద

(‘దివాణం దాటి’ నవలలో పదహారో భాగం)

పోయిన వారం చంద్రమణిని కాశీబుగ్గ కూడలిలో నిలబెట్టి, ఒక చేదు కబురు చెవిన వేసి వదిలేశాం. కబురు చిన్నదే. మంగళవారం ఊరేగింపుకి బేతనియ పేట ఆడవాళ్లు రారు. ఆ మాట పంపింది గిట్టని వాళ్లయితే ఏదో సరిపెట్టుకునేది. పంపింది జ్ఞానసుందరి టీచరు. ఈ ఉద్దానం మొత్తం మీద చంద్రమణి మనసు విప్పి మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆవిడే. అందుకే ఆ రాత్రి చంద్రమణికి అన్నం సయించలేదు.

కథలోకి ఇవాళే అడుగు పెట్టిన వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. చంద్రమణీదేవి టెక్కలి పక్కన సింగువలస దివాణం ఆడపడుచు. జమీందారీలు పోయాకే పుట్టింది. జమీ పోయినా దర్పం మిగిలే ఉంటుంది కదా, అందులోనే పెరిగింది. భర్త పోయాక కలం పట్టింది. జీడిపప్పు కార్ఖానాల్లో చేతులు కాల్చుకునే ఆడవాళ్ల మీద కథలు రాసి పేరు తెచ్చుకుంది. ఆ కార్ఖానాల్లో ఒకటి సొంత బావగారిది కావడంతో దివాణం గుమ్మం ఆమెకి మూసుకుపోయింది. ఇప్పుడు కాశీబుగ్గలో అద్దె ఇల్లు, వారం వారం పత్రికలో ఒక శీర్షిక, ఉద్దానం స్త్రీల సంఘం. ఇవీ ఆవిడ ఆస్తులు.

ఇది రెండువేల మూడు, ఏప్రిల్ నెల. ఉద్దానం ఊళ్లలో గట్టి గట్టి మనుషులు కిడ్నీలు పాడై మంచం పడుతున్నారు. ఎందుకో ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేదు. జనం అనుమానమంతా నీళ్ల మీద. అందుకని చంద్రమణి ఒక ఆలోచన చేసింది. మంగళవారం నాడు ఊరికో బిందె నీళ్లు పలాస తీసుకెళ్లాలి. మండలాఫీసు ముందు వరసగా పెట్టాలి. "బాబూ, మేం రోజూ తాగుతున్నవే, మీరూ ఓ గ్లాసు తాగండి" అని అధికారుల్ని అడగాలి. ఊళ్లన్నీ సరేనన్నాయి. జలంత్రకోటలో పెద్ద రైతు కూర్మనాథం లారీలు కూడా ఇస్తానన్నాడు. ఇంత కూడిందనుకున్న సమయంలో, ఆ జబ్బు అందరికంటే ఎక్కువగా కమ్ముకున్న పేట వాళ్లే రామన్నారు. వాళ్లు లేని ఊరేగింపు ఎవరి కోసం?

ఆదివారం పొద్దున్నే జీపు మాట్లాడుకుని బయల్దేరింది చంద్రమణి. బేతనియ పేట జలంత్రకోటకు కూతవేటు దూరంలో, జీడితోటల అవతల ఉంటుంది. దారి పొడుగునా రాలిన జీడిమామిడి పళ్లు పులిసిపోయి ఘాటుగా వాసన కొడుతున్నాయి. ఆమె దిగేసరికి చర్చిలో ఆరాధన ముగిసింది. ఆడవాళ్లు తలమీద కొంగులు సర్దుకుంటూ, బైబిళ్లు చేత పట్టుకుని బయటికి వస్తున్నారు. ఎదురుపడిన ప్రతి ఒక్కరూ "వందనాలమ్మా" అన్నారు. ఎప్పుడూ అనేదే. కానీ ఎప్పుడూ చుట్టూ మూగి చేతులు పట్టుకునేవాళ్లు, ఇవాళ వందనం చెప్పి పక్కకి తప్పుకుని పోయారు.

టీచరు ఇంటి వసారాలో నులకమంచం మీద ఆవిడ భర్త సాల్మన్ రాజు పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు గెలకి గెలే భుజాన వేసుకుని కొబ్బరిచెట్టు దిగిన మనిషి. ఇప్పుడు కాళ్లు వాచి, విశాఖపట్నం పెద్దాసుపత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతున్నాడు. చంద్రమణిని చూడగానే లేచి కూర్చోబోయాడు.

"పడుకోండి, లేవకండి" అంది చంద్రమణి.

"ఏటవుద్దమ్మా, రండి, కూకోండి. ఎండన పడొచ్చినారు." ఇంట్లోకి తిరిగి కేకేశాడు. "ఒలే కెజియా! అమ్మగారొచ్చినారు. ఓ బొండం కొట్టు."

కెజియా ఆ ఇంటి కోడలు. భర్త జేమ్స్ వైజాగులో తాపీ పనికి పోతే, తను పలాస కార్ఖానాలో జీడిపిక్కలు కొట్టడానికి పోతుంది. లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది. నెమ్మదిగానే అనుకుంది, పాపం, కానీ తాటాకు దడి ఇల్లు మాటని దాచుకోలేదు.

"బొండం రాణీగారికి బొండం లేపోతే ఎలాగ మరి."

సాల్మన్ రాజు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చంద్రమణి నవ్వింది. తనకి ముద్దు పేరు పెట్టుకున్నారనుకుంది.

"ఏమిటీ, నాకు పేరు కూడా పెట్టారా?"

జ్ఞానసుందరి అప్పుడే చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. మిషను బడిలో ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషి. బళ్లో ఒకలాగా, ఇంట్లో ఒకలాగా మాట్లాడుతుంది. ఇంట్లో మాట వచ్చిందంటే మనసులోంచి వచ్చిందని లెక్క.

"పెట్టినారమ్మా. ఇయ్యాల కాదు, ఎప్పుడో పెట్టినారు. నానే మీ సెవిన పడకండా కాసుకొచ్చినాను. ఇంక నావల్ల కాదు."

చంద్రమణి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"బొండం మర్యాదంటే ఏటో మీకు తెల్దా?" అని అడిగింది టీచరు.

తెలుసు. ఎందుకు తెలీదు? సింగువలస దివాణంలో నాయనమ్మ ఆ మాట ఎంత గొప్పగా చెప్పేదో. తాతగారు శిస్తు వసూళ్లకి పేటలకి వెళ్తే అక్కడి నీళ్లు ముట్టేవారు కాదు. కానీ బొండానికి అంటు లేదు. చెట్టున కాసినది, దేవుడు మూత వేసినది, కళ్లెదుట చెక్కించి తాగొచ్చు. "మీ తాతగారు ఎంత మంచివారంటే వాళ్ల చేతి బొండం తాగేవారమ్మా" అని మురిసిపోయేది నాయనమ్మ. చిన్నప్పుడు చంద్రమణి కూడా మురిసిపోయింది. ఆ తర్వాత దివాణంలో ఎన్నో వదిలేసింది. ఇది మాత్రం చీరకుచ్చెళ్లలో అంటుకున్న పల్లేరుకాయలాగా తన వెంట వచ్చిందని ఇప్పటిదాకా చూసుకోనేలేదు.

"ఇది మర్యాదగా తీసుకున్నాను సుందరీ. మీరు ప్రేమగా ఇస్తున్నారనుకున్నాను" అంది.

"అలాగే రాసినారు కూడా." గుమ్మంలోకి వచ్చి నిలబడింది కెజియా. పోయిన ఆదివారం పత్రికలో చంద్రమణి రాసిన ముక్కలు ఆ పిల్లకి కంఠతా వచ్చేశాయి. "‘ఆ పేటలో నేను ఏ గుమ్మం ఎక్కినా నా కోసం ఒక బొండం సిద్ధంగా ఉంటుంది. లేమి ఎరగని మర్యాద అది’ అని. అత్తే సదివి వినిపించింది, ఆడోల్ల కూటంలో. ముందు అందరం నవ్వినాం. తరవాత ఎవులికీ నవ్వు రానేదు."

టీచరు కోడలి వైపు చూసి ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపింది. తనే అందుకుంది.

"ప్రేమ లేదని కాదు. ఉంది. కానీ బొండం ఇచ్చేది అందుక్కాదు. మంచినీలు అందిత్తే మీరు పుచ్చుకోపోతే, ఆ గ్లాసు పట్టుకున్నదాని పేనం సచ్చిపోతాది. ఆ అవమానం మాకొద్దు, ఆ ఇబ్బంది మీకొద్దు. అందుకని బొండం. మా మామ్మల కాలం నుంచీ అంతే. పెద్దింటోల్లు వత్తన్నారంటే ముందు ఓ మడిసి సెట్టెక్కుతాడు."

"నీళ్లంటే భయం సుందరీ" అంది చంద్రమణి. గొంతు తనకే బలహీనంగా వినిపించింది. "ఈ నీళ్ల గురించి రాసిందాన్నే నేను. డాక్టరు కూడా బయటి నీళ్లు తాగొద్దన్నాడు."

"భయమంటే నానొప్పుకుంటాను. మాకూ భయమే. వేరే నీలు లేవు కాబట్టి తాగతన్నాం. మరి నాలుగేల్ల కిందట తుపాను ఏడాది ఏటి భయం? అప్పటికి ఈ జబ్బు మాట మా పేటలో ఎవులన్నారు?"

చంద్రమణి ఏదో అనబోయింది. ఇంతలో మంచం మీంచి సాల్మన్ రాజు నవ్వాడు. ఆయన ఉద్దేశం గొడవ చల్లార్చడమే. మంచి మనిషి. కానీ ఆయన చెప్పిన మాట మిగతా అందరి మాటల కంటే ఎక్కువ తగిలింది.

"పోనిద్దురూ. ఆ ఏడు సెట్లన్నీ తలలు ఇరిగి మోడులైపోనాయి, పేటలో ఒక్క కాయి లేదు. అమ్మగారు గుడ్డలు, బియ్యం పట్టుకొచ్చినారు, బొండం ఉంటే సాలన్నారు. నాను సైకిలేసుకుని ఇచ్ఛాపురం దాకా పోయొచ్చినాను. అదేటి పెద్ద దూరమా, అప్పుడు కాళ్లుండేవి."

ఆ రోజు చంద్రమణికి బాగా గుర్తుంది. సహాయం పంచడం అయిపోయాక చాలాసేపు ఈ వసారాలోనే కూర్చుంది. బొండం రావడం ఆలస్యమైంది. వచ్చాక, ఇంత నష్టంలోనూ వీళ్ల ఆదరణ చూడు అనుకుని కళ్లు చెమర్చాయి. ఇంటికెళ్లి ఆ రాత్రే దాని మీద రాసింది కూడా. సైకిలు సంగతి ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. చంద్రమణికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

వసారా మూల నీళ్ల కుండ, దాని మీద గ్లాసు ఉన్నాయి. చంద్రమణి లేచి వెళ్లి గ్లాసు అందుకుంది. కుండలో ముంచబోయేలోగా జ్ఞానసుందరి అరచెయ్యి కుండ మూతి మీద పడింది.

"ఇప్పుడొద్దమ్మా. ఇప్పుడు తాగితే వచ్చే ఆదివారం దాని మీద రాత్తారు."

గ్లాసు మెల్లగా కింద పెట్టేసింది చంద్రమణి. ఎదుటి మనిషి తనని ఇంత బాగా చదివేసిందని కోపం రాలేదు, ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. టీచరు కదా.

"ఎల్లుండి ఆఫీసర్లని ఈ నీలే తాగమంటారు మీరు" అంది టీచరు, ఈసారి నెమ్మదిగా. "అందరికంటే ముందు నిలబడి."

"ఇందుకేనా రామన్నారు?"

"ఇందుకే అయితే నవ్వుకుని ఊరుకుందుం. ఇన్నాల్లూ ఊరుకున్నాం కాదేటి. కెజియా, సెప్పు."

కెజియా చెప్పింది. మొన్న శుక్రవారం పేట తరఫున బిందె తనే తోమింది. చింతపండు పెట్టి, తళతళలాడేటట్టు. శనివారం బోరింగు కాడ నింపుకుని, మూతికి గుడ్డ కట్టి, జలంత్రకోటలో కూర్మనాథం ఇంటికి తీసుకెళ్లింది. ఊళ్ల బిందెలన్నీ ఆయన అరుగు మీదే పెడుతున్నారు, అక్కడి నుంచే లారీ ఎక్కిస్తారు. కూర్మనాథం ఆమెని గేటు దగ్గరే ఆపాడు. ఆ బిందెని ఎడ్లబళ్ల పాకలో పెట్టమన్నాడు. ఎందుకని అడిగితే ఏమన్నాడో కెజియా ఆయన గొంతుతోనే చెప్పింది.

"మీ అమ్మగారే మీ పేటలో బొండం తప్ప ముట్టరు. పేపర్లో రాసుకున్నారు కదే. ఆవిడకి లేని సమత్వం నాకెందుకే గుంటా, అన్నాడు. నాను బిందె ఎత్తుకుని ఎనక్కొచ్చీసినాను."

బిందె వసారా చివర అలాగే ఉంది, నిండుగా. చంద్రమణి దాన్ని వచ్చినప్పటినుంచీ చూస్తోంది, కానీ అదేమిటని అనుకోలేదు. కలం పట్టిన తర్వాత తన మాట ఎక్కడెక్కడికి పోతుందో అని గర్వపడిన రోజులున్నాయి. బళ్ల పాక దాకా పోతుందని మాత్రం ఊహించలేదు.

ఆమె కొంగు బిగించి నడుముకి దోపుకుంది. వెళ్లి బిందె ఎత్తింది.

"మీవల్ల కాదమ్మా" అన్నాడు సాల్మన్ రాజు.

నిజమే, ఆమె వల్ల కాని పనే. యాభై దాటిన ఆ ఒంటికి నీళ్ల బిందె మోసిన అలవాటు ఎక్కడిది? చంకనెత్తుకోవడం చూసింది, ఎత్తుకోలేదు. నాలుగడుగులకే బిందె జారింది, నీళ్లు చీరంతా తడిపేశాయి. కెజియా వెనకనుంచి చూసి చూసి, ఆగలేక ముందుకొచ్చి, బిందె తుంటి మీద ఎక్కడ ఆనించాలో చెయ్యి పెట్టి చూపించింది. అంతవరకే. మొయ్యడానికి సాయం పట్టలేదు. టీచరు మెచ్చుకోలేదు. చెప్పులు వేసుకుని వెనకాల నడిచింది.

జీడితోటలు దాటి జలంత్రకోట వీధిలోకి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. అరుగుల మీద కూర్చున్న వాళ్లు కబుర్లు ఆపి చూశారు. దివాణం మనిషి చంకలో బిందె, వెనకాల పేట మనుషులిద్దరు. ఒకావిడ "ఓలమ్మ, ఇదేటే!" అని పక్కింటావిడని పిలిచింది. చంద్రమణికి నడుము విరిగిపోతోంది. అయినా మనసు చిత్రంగా తేలికపడింది. ఒక్క పనైనా తిన్నగా చేస్తున్నాననిపించింది.

కూర్మనాథం ఇంటి గేటు దగ్గర టీచరూ కెజియా ఆగిపోయారు. చంద్రమణి ఒక్కతే లోపలికి వెళ్లింది. పడక కుర్చీలో ఉన్న కూర్మనాథం అదిరిపడి లేచాడు.

"అయ్యయ్యో, అమ్మగారూ! తమరు బిందె మొయ్యడమేటండీ! ఎవుల్రా అక్కడ, అందుకోండి!"

ఎవరికీ అందివ్వలేదు చంద్రమణి. అరుగు మీద బిందెలు వరసగా ఉన్నాయి, ఇత్తడివీ స్టీలువీ. రెండింటిని పక్కకి జరిపి, మధ్యలో పేట బిందె పెట్టింది. నిటారుగా నిలబడడానికి కొంచెం సేపు పట్టింది.

"కూర్మనాథం గారూ, నిన్న మీరు బళ్ల పాకలో పెట్టమన్న బిందె ఇదే. ఇది ఇక్కడే ఉంటుంది."

కూర్మనాథం చెడ్డవాడని మనం అనుకోనక్కర్లేదు. ఆయన సొంత తమ్ముణ్ణి కూడా ఈ జబ్బే తీసుకుపోయింది. కాకపోతే ఎక్కడి మనిషి అక్కడ ఉండాలన్నది ఆయన లెక్క. చిరునవ్వు నవ్వాడు.

"నాను తప్పుగా ఏటన్నానమ్మా? తమరు రాసిందే సదివినాను. తమరంతటోరే ఓ పద్ధతిలో ఉన్నారు. దాన్ని సెడగొట్టడానికి నానెవుల్ని?"

"నేను రాసింది తప్పు." ఇంటి లోపల కిటికీ దగ్గర ఆడవాళ్లు మాటలు మానేశారు. వాళ్లకి కూడా వినిపించేలా చెప్పింది చంద్రమణి. "అది మర్యాద కాదు, అంటు. అంటు అని తెలియకుండా చేశానని కూడా అనను. అలాంటి ఇంట్లో పెరిగాను. బయటికి వచ్చేశాననుకున్నాను, రాలేదు. ఇదే మాట పత్రికలో కూడా రాస్తాను."

కూర్మనాథం మీసం సవరించుకుంటూ ఆలోచించాడు. లారీల మాట ఇచ్చాడు, ఊళ్లన్నిటికీ తెలుసు. ఇప్పుడు వెనక్కి పోతే తలవంపులు.

"సరే, ఉంచండి. తమరి సేతుల మీదగా వొచ్చింది కాబట్టి మాకేటీ అభ్యంతరం లేదు. దివాణం సెయ్యి పడ్డాక ఇంక అంటేటి?"

చంద్రమణికి ప్రాణం లేచొచ్చింది. బిందె ఉంటుంది, లారీలు వస్తాయి, పేట వస్తుంది. ఆ సంతోషంతోనే గేటు వైపు తిరిగింది. అక్కడ కెజియా మొహం చూశాక గానీ కూర్మనాథం అన్న మాటకి అర్థం ఎక్కలేదు.

"అలాగైతే ఒద్దు" అంది కెజియా గేటు అవతలనుంచి. అరవలేదు. జీడి రసానికి నల్లబడి పగిలిన వేళ్లతో గేటు పట్టుకుని ఉంది. "నిన్న నా సెయ్యి పడిందనే కదా పాకలో ఎట్టమన్నారు. అయితే నా సేత్తోనే ఎడతాను. ఆ బిందె ఇలా తియ్యండమ్మా. నానొచ్చి ఎడతాను."

జ్ఞానసుందరి కోడల్ని వారించలేదు. గేటు గడియ తీసిన చప్పుడైంది.

కూర్మనాథం నవ్వు పోయింది. గొంతు మాత్రం పెంచలేదు. చంద్రమణి ఒక్కదానికే వినిపించేలా అన్నాడు.

"అమ్మగారూ, ఆ గుంట ఈ అరుగెక్కిందంటే మా ఆడోల్లెవులూ లారీ ఎక్కరు. సుట్టుపక్కల ఊల్లు కూడా. నాను ఆపక్కర్లేదు, ఆల్లే ఆగిపోతారు. మంగళారం పేటోల్లని ఎనకేసుకుని తమరే నడుసుకోవాల. ఆఫీసరు కిటికీ కూడా తియ్యడు. ఆలోసించుకోండి."

అబద్ధం చెప్పడం లేదు ఆయన. చంద్రమణికి తెలుసు. కిటికీ వెనక ఆడవాళ్లు కదలకుండా నిలబడి ఉన్నారు. అరుగు మీద ఊళ్ల బిందెలన్నీ ఉన్నాయి. ఒక్కో బిందె కోసం ఒక్కో ఊరికి తనెన్నిసార్లు తిరిగిందో, ఎంతమంది మగవాళ్లని బతిమాలిందో. ఒక్కో బిందె వెనక మంచం పట్టిన మనుషులున్నారు. సాల్మన్ రాజు ఉన్నాడు. ఊరేగింపు ఆగిపోతే వాళ్ల మాట మళ్లీ ఎవరు వింటారు?

కెజియా వాకిలి దాటింది. ఎవరి వైపూ చూడడం లేదు. అరుగు మెట్టు మీద కుడికాలు మోపింది.

"ఆగమ్మా, కెజియా."

చాలా నెమ్మదిగా, ఎంతో దయగా వినిపించింది ఆ మాట. ఎవరన్నారా అని చంద్రమణి తల తిప్పింది. అరుగు మీద, కిటికీలో, గేటు దగ్గర, అందరూ తన వైపే చూస్తున్నారు.